ఎడమ జడలో తెగిన వెంట్రుకలు

కరోనా తగ్గి, బళ్ళు మళ్ళీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది అది. వరంగల్‌లో పోచమ్మ మైదాన్ నుంచి కొత్తవాడ వైపు వెళ్ళే దారిలో నాకొక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. ముందు గదిలో గాజులు, క్లిప్పులు, రిబ్బన్లు అమ్ముతాను. పరదా వెనక రెండు కుర్చీలు, తల కడిగే బేసిన్ ఉంటాయి. పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేస్తాను, ఐబ్రోస్ చేస్తాను, ఫేషియల్ చేస్తాను. కానీ నా ప్రాణమంతా జుట్టు మీదే. ఎవరైనా ఎదురుపడితే మొహం తర్వాత చూస్తాను, ముందు జడ చూస్తాను. బస్సులో ముందు సీటు ఆవిడ జడ పట్టుకుని చూసి తిట్లు తిన్న రోజులు కూడా ఉన్నాయి. మా ఆయన ఆ కథ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చే తల్లులందరిదీ ఒకటే గోడు, పిల్లల జుట్టు ఆగమైపోతోందని. ఇంట్లో జుట్టు వదిలేసుకుని తిరిగిన పిల్లలు ఒక్కసారిగా రెండు జడలు వేసుకుని, పైకి మడిచి, చెవుల దగ్గర రిబ్బన్లు కట్టుకోవాల్సి వచ్చింది. పొద్దున్నే తలస్నానం, తడి ఆరకముందే జడ, దాని మీద సన్నటి రబ్బర్ బ్యాండ్ బిర్రుగా చుట్టడం. తెగక ఏమవుతుంది? మా పనిలో దీన్ని బ్రేకేజ్ అంటాం. అంటే వెంట్రుక కుదురు నుంచి ఊడదు, మధ్యలో విరుగుతుంది. జడ మరీ గుంజి వేయడం వల్ల కుదుళ్ళే వదులై నుదుటి దగ్గరా చెవుల దగ్గరా పలచబడితే దాన్ని ట్రాక్షన్ అంటాం. రెండూ మనం చేతులారా చేసుకునేవే. జనం నూనె మారుస్తారు, షాంపూ మారుస్తారు, చివరికి నల్లా నీళ్ళను తిడతారు. కట్టిన రబ్బర్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

అలాంటి ఒక మధ్యాహ్నం స్వరూప వచ్చింది. మా పక్క గల్లీలోనే ఇల్లు. చీరల షాపులో సేల్స్‌లో పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్ళిపోయి చీకటి పడ్డాక వస్తుంది. ఆ రోజు తను సెలవు పెట్టి, కూతురు నవ్యను కూడా బడి మాన్పించి, జుట్టు విరబోసి ఉండగానే వెంటబెట్టుకుని వచ్చింది. నవ్య ఎనిమిదో తరగతి. నడుము దాకా జుట్టు, నల్లగా, ఒత్తుగా. ఆ జుట్టు చూసి నేను ఎన్నోసార్లు దారిలో ఆపి మెచ్చుకున్నాను.

"అక్కా, జర మా బిడ్డ తల చూడు," అంది స్వరూప. మనిషి అదోలా ఉంది.

పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి వెలుతురు వైపు తిప్పాను. ఎడమ చెవి వెనక, మడత జడ కట్టుకునే చోట, వేలి కణుపంత పొడవున వెంట్రుకలు పొడుచుకుని నిలబడి ఉన్నాయి, పాత బూటు బ్రష్షులా. కుడి వైపు కూడా ఉన్నాయి గానీ తక్కువ. నాకు నవ్వొచ్చింది. ఇంత చిన్నదానికి సెలవు కూడానా అనుకున్నాను.

"దేంతోని కడ్తవ్ బిడ్డా?"

"రిబ్బన్ ఆంటీ."

"లోపల రబ్బర్ పెడ్తవా?"

"లేదాంటీ. రోజూ నానమ్మనే ఏస్తది, నానమ్మనే ఇప్పుతది. రబ్బర్ అసలే పెట్టనియ్యదు. ఎంటికలు పీకుతదంటది."

నానమ్మకు నూటికి నూరు మార్కులు వేసుకుని, నేను నా పాఠం మొదలుపెట్టాను. స్క్రంచీ తీసి చూపించాను. అంటే బట్ట చుట్టిన వదులు బ్యాండ్. అందులోనూ సాటిన్‌ది అయితే నున్నగా జారుతుంది, వెంట్రుకను రాపాడదు. ఇనుప అతుకు ఉన్న బ్యాండ్ జోలికి పోవద్దన్నాను, ఆ అతుకులో వెంట్రుక ఇరుక్కుంటుంది. టెలిఫోన్ తీగలా మెలికలు తిరిగిన స్పైరల్ టై కూడా చూపించాను, అది ఒకే చోట నొక్కదు. తడి జుట్టు మీద ఏదీ కట్టకూడదు, రోజూ ఒకే చోట కట్టకూడదు, కట్టు కింద చిటికెన వేలు దూరేంత వదులుండాలి అంటూ నేను చెప్పుకుంటూ పోతున్నాను. స్వరూప ఒక్క ముక్క వినడం లేదు. కూతుర్ని ముందు గదిలో గాజులు చూసుకోమని పంపి, పరదా వేసి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కవర్ తీసింది.

"కట్టేదాని గురించి రాలేదక్కా. ఎవరో కోస్తాండ్లని మా ఇంట్ల అంటాండ్లు."

కవర్ నిండా పొడుగాటి వెంట్రుకలు, ఉండలు ఉండలుగా.

"సాయంత్రం జడ ఇప్పి దువ్వితే గిట్ల చేతికి వస్తానయ్. నిన్న లచ్చవ్వ వాకిట్ల గూడ దొరికినయ్. మా అత్తమ్మ ఇని మొత్తుకున్నది. చేతబడే, బాణామతే అంటాంది. మా ఇంటాయనకు గూడ నెత్తికెక్కింది. ఆదివారం పెద్దమనుషుల్ల పెడ్తడట. లచ్చవ్వను వాడల నుంచి ఎల్లగొట్టాలె అంటాండు."

లచ్చవ్వ నాకు తెలుసు. స్వరూప వాళ్ళ ఇంటికి ఎదురుగా, అదే వాకిట్లో ఒంటి గదిలో ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. మగ్గాల మీద నేసిన జంపఖానాలు తెచ్చుకుని, అంచుల్లో వదిలేసిన పోగులకు కుచ్చులు ముడేసి ఇస్తుంది, అదే ఆమె బతుకు. వాడలో ఏ పిల్లకు జ్వరం వచ్చినా ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చి దిష్టి తీసేది ఆమే. పనికొచ్చినన్నాళ్ళు ఆ చేతులు మంచివి. అనుమానం వచ్చిన రోజున అవే చేతులు చేతబడి చేసేవి అయిపోయాయి.

"నువ్వు నమ్ముతానవా?" అన్నాను.

"నమ్మబుద్ధైతలేదక్కా. నవ్య పుట్టినప్పుడు నాకు నీళ్ళు పోసింది ఆమెనే. గని ఎంటికలు కండ్ల ముంగట కనిపిస్తానయ్ గదా. బ్రేకేజో గీకేజో, నీ నోటితోని ఒక్క మాట చెప్పు. పార్లర్ పద్మక్క చెప్పింది, రోగమే, ఇంకేం లేదు అని నేను ఇంట్ల గట్టిగ కొట్లాడుత."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఆమె నా దగ్గరికి వైద్యానికి రాలేదని. ఆదివారానికి సాక్ష్యం కోసం వచ్చింది.

తెల్ల టవల్ పరిచి కవర్లోని వెంట్రుకలు కొన్ని దాని మీద వేశాను. భూతద్దం తెచ్చుకున్నాను. కుదురు నుంచి ఊడిన వెంట్రుకకు ఒక కొసన ఆవగింజలో సగమంత తెల్లటి ఉండ ఉంటుంది, అది బల్బ్. వీటికి లేదు. అంటే జబ్బు చేసి ఊడినవి కావు, అంతవరకు బాగానే ఉంది. బ్యాండ్ రాపిడికి విరిగిన వెంట్రుకకు కొస చీలి, పీచుపీచుగా ఉంటుంది. దాని కోసం వెతికాను. ఒకటి చూశాను, రెండోది చూశాను, అన్నీ చూశాను. ఒక కొస సన్నగా, కొంచెం ఎర్రబారి ఉంది. అది జడ చివర, అలాగే ఉండాలి. రెండో కొస మాత్రం తిన్నగా, నున్నగా ఉంది. కత్తెర పెట్టి కోసినట్టు.

జుట్టు కత్తిరించడం నా రోజువారీ పని. కోసిన కొస ఎలా ఉంటుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇవి విరిగినవి కావు, కోసినవే.

ఉన్నదున్నట్టు చెబుతున్నాను, అబద్ధం ఆడేద్దామనే అనిపించింది. బ్రేకేజ్ అని ఒక్క మాట అంటే ఆ ముసలామె ఆదివారం గండం గట్టెక్కుతుంది. కానీ కోసేవాళ్ళెవరో కోస్తూనే ఉంటారు కదా. మళ్ళీ వారం ఇంకో గుప్పెడు వెంట్రుకలు చేతికొస్తే, అప్పుడు నా మాటా పోతుంది, లచ్చవ్వ బతుకూ పోతుంది. పోనీ నిజం చెబుదామంటే, 'కోసినవే' అన్న మాట చాలు, ఇక వాళ్ళు ఎవరన్నది కూడా అడగరు. అడగాల్సిన పని లేదు, పేరు ముందే పెట్టేసుకున్నారు.

స్వరూప నా మొహంలోకే చూస్తోంది. "కోసినట్టే ఉన్నదా అక్కా?"

"నేను గట్ల అన్ననా?" అని కసురుకున్నాను. "రేపు సాయంత్రం మీ ఇంటికొస్త. మీ అత్తమ్మ జడ ఇప్పేటప్పుడు నేను చూడాలె. అందాక నోరు మూసుకోని ఉండు, నేను ఏం చెప్పలేదు, నువ్వు ఏం ఇనలేదు."

మర్నాడు పార్లర్‌కు తాళం వేసి, నవ్య బడి నుంచి రాకముందే వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదంతా మగ్గమే. మూలన నూలు కండెలు, గుమ్మం పక్కన చిలపలుగా చుట్టిన నూలు, దండెం మీద బట్టలతో పాటు నూలు. స్వరూప వాళ్ళ అత్తమ్మ కొమురమ్మ మగ్గం దగ్గర ఉంది. పెద్ద వయసు, అయినా చేతులు ఆగవు, నోరు అంతకంటే ఆగదు. స్వరూప భర్త రాజేందర్ ఆ వారం పవర్‌లూమ్‌లో పొద్దుటి షిఫ్ట్ అయ్యి ఇంట్లోనే ఉన్నాడు.

"ఏందక్కా, చేతబడికి గూడ నీ తాన క్రీమ్ ఉన్నదా?" అన్నాడు నన్ను చూడగానే.

"ఉన్నది తమ్మీ. గని ముందుగాల నీ మొకానికి రాయాలె, మస్తు నల్లబడ్డది," అన్నాను. అతనికి నవ్వు రాలేదు.

వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఎదురుగా లచ్చవ్వ గది తలుపు సగం వేసి ఉంది. ఎప్పుడూ గడప మీద కూర్చుని కుచ్చులు ముడేసే మనిషి, లోపల చీకట్లో గోడకు ఆనుకుని వేస్తోంది. ఆమె వాకిలి మాత్రం అద్దంలా ఊడ్చి ఉంది. పుల్ల కూడా లేదు. వెంట్రుక కనిపిస్తే ఏమవుతుందో తెలిసిన వాళ్ళు ఊడ్చినట్టు ఊడ్చుకుంది.

"బాగున్నవా అవ్వా?" అని పలకరించాను.

తల ఎత్తలేదు. "నా తాన నిలబడకు బిడ్డా. నిన్ను గూడ అంటరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక వచ్చి కొమురమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను.

నవ్య వచ్చింది. పుస్తకాల సంచీ పడేసి, అరుగు కింది మెట్టు మీద కూర్చుని, ఏదో నోట్సు తెరిచి చదువుకోసాగింది. కొమురమ్మ మగ్గం దిగి వచ్చి వెనక అరుగు మీద కూర్చుంది. ఇద్దరికీ అది రోజూ ఉండే ముచ్చట అని చూస్తేనే తెలుస్తోంది. పిల్ల తల వెనక్కి వాల్చింది, ముసలామె రిబ్బన్ కొస పట్టుకుని లాగింది. ఎర్ర రిబ్బన్ జారిపోయింది. దాని కింద, జడ మొదట్లో, బిర్రుగా ఒక తెల్లటి కట్టు.

"గిదేందవ్వా?" అన్నాను.

"ఏముంటది? నూలు పోగు. ఉత్త రిబ్బన్ నిలబడుతదా, జారిపోదూ? మీ దుకాణంల అమ్మే రబ్బర్లు ఎంటికలు పీకుతయ్. నూలైతే మెత్తగుంటది. మగ్గానికి మిగిలిన పోగులు రెండు పురి పెట్టి కడ్త. బడి ఇడిచిపెట్టేదాక కదలదు."

నేను నవ్య వంక చూశాను. "రిబ్బనే అన్నవ్ గదా నాతోని?"

"నూలు గూడ చెప్పాల్నా ఆంటీ?" అంది ఆ పిల్ల ఆశ్చర్యంగా. నూలు పీల్చి నూలు వదిలే ఇంట్లో దాన్ని ఎవరు లెక్కలో వేసుకుంటారు?

నిజానికి కొమురమ్మ తెలివిని నేను లోలోపల మెచ్చుకున్నాను. మెత్తటి నూలు కంటే నెమ్మదైన కట్టు నా దుకాణంలో కూడా లేదు. వేలితో ఆ ముడి కదిపి చూశాను. కదలలేదు. గోరు పెట్టి చూశాను. ఊహూఁ.

కొమురమ్మ గర్వంగా నవ్వింది. "ఊడది. ఊడితే మగ్గం ముడి ఎట్లయితది?"

మగ్గం మీద పోగు తెగితే సాలెవాళ్ళు రెప్పపాటులో ఒక ముడి వేస్తారు. అది ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఆ ముడిని విప్పుకుంటూ ఎవరూ కూర్చోరు, అక్కర్లేకపోతే కత్తిరించేస్తారు. కొమురమ్మ కూడా అదే చేసింది. కొంగున ముడేసుకున్న చిన్న కత్తెర తీసింది, పోగులు కత్తిరించేది. తల పక్కకు తిప్పి, ఎటో చూస్తూ, ఎడమ బొటనవేలితో జడ మొదట్లో తడిమింది. వేలికి నూలు తగిలింది. కత్తెర మొన నూలు కింద దూర్చింది. టక్.

నూలు తెగింది. దాంతోపాటు చెవి పక్కన నాలుగైదు వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

కుడి జడకు కత్తెర మొన బయటి వైపు తిరిగి ఉంది కాబట్టి తక్కువ పోయాయి. ఎడమ జడకు చెయ్యి అడ్డంగా తిప్పాలి, మొన తల వైపే పోతుంది. రోజూ అంతే. తెగిన వెంట్రుకలు జడ అల్లికలోనే ఇరుక్కుని ఉండి, అల్లిక విప్పి దువ్వగానే చేతికొస్తాయి. కొమురమ్మ జడ విప్పి, దువ్వి, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు చేత్తో లాగి విదిలించింది. గాలి అరుగు మీద నుంచి అటువైపే ఉంది. ఒక పొడుగాటి వెంట్రుక వాకిట్లో అలా అలా తేలుతూ పోయి లచ్చవ్వ గడప ముందు వాలింది. నేను కళ్ళారా చూశాను.

కేక వేయబోయి నోరు మూసుకున్నాను. గుమ్మంలో రాజేందర్ నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నేను అరిస్తే అతని కోపమంతా ఎదురింటి నుంచి తిరిగి సొంత తల్లి మీద పడుతుంది. ఆ మనవరాలి జుట్టంటే ప్రాణం పెట్టే మనిషి, అందరి ముందు దొంగలా నిలబడాలి. కానీ చెప్పకుండా ఊరుకుంటే ఇంకో మనిషి ఆదివారం అలాగే నిలబడాలి. ఏం చేయను? ఆమె ఒళ్ళో పడిన నూలు ముక్క తీసి ఆమె చేతిలోనే పెట్టాను.

"అవ్వా, గీ పోగు జర తడిమి చూడు. అంత నూలేనా?"

"నూలు గాక పట్టా?" అంటూ విసుగ్గా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. నలుపుతున్న వేళ్ళు ఆగిపోయాయి. వందల పోగుల్లో తెగిన ఒక్క పోగును ముట్టుకుని పట్టుకునే వేళ్ళు అవి. గోరుతో ముడిలోంచి ఒక వెంట్రుక లాగింది. అది వస్తూనే ఉంది, పొడుగ్గా. ఇంకోటి లాగింది. తర్వాత పిల్ల చెవి వెనక చెయ్యి పెట్టి, పొడుచుకుని ఉన్న ఆ కొసలను అరచేత్తో మెల్లగా రాసింది.

"నేనేనా బిడ్డా?" అంది.

నవ్య వెనక్కి తిరిగి నానమ్మ మోకాలు పట్టుకుంది. "నాకు ఎన్నడు నొస్తలే నానమ్మా. నిజంగ."

వెంట్రుక తెగితే నొప్పి పుట్టదు. పుట్టి ఉంటే ఈ కథ మొదటి రోజే ముగిసేది.

రాజేందర్ ముందుకొచ్చాడు. "అమ్మా, నీకు కండ్లు కనిపిస్తలేవా?"

కొమురమ్మ కత్తెరను మళ్ళీ కొంగున ముడేసుకుంది. "పొర కమ్మింది," అంది. "చెప్తే మగ్గం దింపి మూలకు కూసోబెడ్తరు. పోగులు ఏళ్ళకు తెలుస్తయ్ గదా అని చెప్పలే."

రాజేందర్ తల గోక్కున్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాను, లేదు. పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలి, "సరే తియ్యి. దవాఖానకు పోదాం. ఆదివారం ముచ్చట ఇగ లేదు. అయిపాయె," అన్నాడు.

అంత తేలిగ్గా 'అయిపాయె' అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే కొమురమ్మ లేచింది.

"ఏం అయిపాయెరా?" అంది కొడుకుతో. దువ్వెన ఒక చేత్తో, మనవరాలి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని వాకిలి దాటింది. పిల్ల జుట్టు విరబోసుకునే ఉంది. గోడ అవతల నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు వదిలి చూస్తున్నారు. నేనూ వెనకే వెళ్ళాను.

"లచ్చవ్వా," అని సగం వేసిన తలుపు దగ్గర నిలబడింది. "ఎవ్వలు కొయ్యలే. నా కత్తెరకే తెగినయ్. నాకు కండ్లు కనిపిస్తలేవు, అది చెప్పక నిన్ను అన్న. తప్పైంది. ఇగ నా మనవరాలి జడ నువ్వే ఇప్పాలె, నువ్వే ఎయ్యాలె."

లోపల కుచ్చులు వేసే చేతులు ఆగాయి. లచ్చవ్వ బయటికి రాలేదు.

"నాకెందుకు కొమురమ్మా? రేపు ఒక్క ఎంటిక ఊడినా మళ్ళ నా మీదనేనాయె."

కొమురమ్మ మనవరాలి చెయ్యి వదల్లేదు, గడప దగ్గర నుంచి కదల్లేదు.

లచ్చవ్వే మళ్ళీ అంది. "జడ సంగతి తర్వాత. నీ కొడుకు ఏ నోటితోనైతే ఇల్లిల్లు తిరిగి చెప్పిండో, గా నోటితోనే మళ్ళ తిరిగి చెప్పమను."

"పెద్దమనిషికి ఫోన్ చేసి చెప్త అవ్వా," అన్నాడు రాజేందర్ వాకిట్లోంచి.

"నన్ను అన్నప్పుడు ఫోన్ల అన్నవా?"

రాజేందర్ మొహం చూడాలి. కానీ వెళ్ళాడు, అంతవరకు మెచ్చుకోవాల్సిందే. స్వరూప షాపు నుంచి వచ్చి సంగతి విని, మంచినీళ్ళు కూడా తాగకుండా మొగుడి వెంట నడిచింది. మొదటి రెండు ఇళ్ళకు నేనూ పోయాను, నా చెవులతో వినాలనిపించింది. నేల చూస్తూ చెప్పాడు. "మా అమ్మకు కండ్లు కనిపిస్తలేవు. ఎంటికలు ఆమె చేతులనే తెగినయ్. లచ్చవ్వది ఏం లేదు." మొదటి ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ, "నాకు ముందుగాలనే డౌట్ ఉండె తమ్మీ, లచ్చవ్వ గసొంటిది కాదని," అంది. ఆదివారం అందరికంటే ముందు పోయి కూర్చుందామనుకున్నది ఆవిడే అని స్వరూప తర్వాత చెప్పింది.

కొమురమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పొర తీశాక మనవరాలిని దగ్గరికి లాక్కుని ముందు చెవి వెనకే చూసిందట. నేను ఆమెకు నూలు మానెయ్యమని చెప్పలేదు. నూలు మంచిదే, ముడి మాత్రం జారుముడి వెయ్యమన్నాను, కొస లాగితే విడిపోయేది. "ఊడేదాన్ని ముడి అంటరా?" అని నా మీద విరుచుకుపడింది. మడత జడను కొంచెం కిందికి దించి, చెవి దగ్గర కాకుండా భుజం దగ్గర కట్టమన్నాను. బళ్ళో టీచరమ్మకు స్వరూప వెళ్ళి చెప్పుకుంది, ఆవిడ సరేనంది. కొసలు కుచ్చులా నిలబడే చోట స్పైరల్ టై కూడా వద్దని, ఆరు నెలలు ఏదీ తగలనివ్వొద్దని చెప్పాను. జుట్టు మళ్ళీ పెరిగింది, ఇప్పుడు చూస్తే ఏ జడ చెడిందో నేను కూడా చెప్పలేను.

ఈ కేసు తర్వాత నా అలవాటు ఒకటి మారింది. జుట్టు తెగుతోందని ఎవరైనా వస్తే, దేనితో కడతారు, ఎంత బిర్రుగా కడతారు అని మాత్రమే అడిగేదాన్ని. ఇప్పుడు ఎలా విప్పుతారో కూడా అడుగుతాను. అడగడమే కాదు, నా ముందే విప్పమంటాను. కొందరు బ్యాండ్‌ను పట్టుకుని ఒక్క గుంజు గుంజుతారు, కొందరు పళ్ళతో కొరుకుతారు. సన్నటి రబ్బర్లయితే కత్తిరించే ముందు నూనె రాసి జారనివ్వమంటాను. మెత్తటి కట్టు కొనుక్కుంటే పని అయిపోదు, దాన్ని మెత్తగా తియ్యడం కూడా రావాలి.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను, చెప్పడానికి కొంచెం భయంగానే ఉంటుంది. ఆ రోజు టవల్ మీద నేను చూసింది తప్పు కాదు. కోసిన వెంట్రుకలే అవి. నా పనితనం మీద నమ్మకంతో ఆ నిజం అక్కడికక్కడే చెప్పేసి ఉంటే, నా నిజం పట్టుకునే ఒక మనిషిని వాడ దాటించేవాళ్ళు. సగం తెలిసినప్పుడు జర ఆగాలి, ఎంత సీనియర్ అయినా సరే.

లచ్చవ్వ చివరికి ఒప్పుకుంది, కొమురమ్మ కోసం కాదు. నవ్యే ఒక పొద్దున్న దువ్వెన పట్టుకెళ్ళి ఆమె గడప ముందు వీపు పెట్టి కూర్చుందట, బడికి టైం అయిపోతున్నా లేవకుండా. అప్పటి నుంచి రోజూ జడ ఆమే వేస్తోంది. మొన్న ఒక పెళ్ళి పనికి పొద్దున్నే ఆ వాకిట్లోంచి వెళ్తుంటే చూశాను. లచ్చవ్వ గడప మీద కూర్చుని పిల్ల జడ అల్లుతోంది. నున్నటి జడ, పట్టు సమానంగా ఉంది, నేను కూడా అంత బాగా వెయ్యలేను. అరుగు మీద నుంచి కొమురమ్మ కేకేసింది, "లచ్చవ్వా, చాయ్ అయింది, రా." లచ్చవ్వ జడ మీద నుంచి కళ్ళెత్తకుండానే, "ఇప్పుడే తాగిన," అంది. ఆమె వెనక గదిలో పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.